రాత్రి రెండింటి మెలకువ: 48 ఏళ్ల మహిళకు బయోఐడెంటికల్ హార్మోన్ చికిత్స మొదలుపెట్టిన తొలి ఏడాది

బెంగళూరు మహదేవపుర ప్రాంతంలో ఉంటున్న 48 ఏళ్ల మహిళ. సొంతూరు కడప జిల్లా, పెళ్లయినప్పటి నుంచి ఇక్కడే. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోనే ట్యూబెక్టమీ అయింది. హైపోథైరాయిడ్‌కి రోజూ 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ వాడుతున్నారు. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చి రాస్తున్నాను.

వచ్చింది నిద్ర కోసం. "రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది మేడమ్. వీపంతా తడిసిపోయి ఉంటుంది. నైటీ మార్చుకుని పడుకుంటే నాలుగింటికి మళ్లీ అదే." డిసెంబరు చలిలోనూ ఫ్యాను ఫుల్లుగా పెట్టుకోవడంతో భర్త దుప్పటి తీసుకుని హాల్లోకి మకాం మార్చారట. పగలు మీటింగ్ మధ్యలో ఉన్నట్టుండి ఛాతీ నుంచి మొహానికి వేడి ఆవిరి ఎగదన్నుతుంది. రోజూ మాట్లాడే క్లయింట్ పేరు నోటికి రాదు. పొద్దున లేవగానే వేళ్లు పట్టేసి ఉంటాయి. చిన్నదానికి పిల్లల మీద అరిచేసి, తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడవడం. పీరియడ్స్ ఏడాదిన్నరగా గాడి తప్పాయి. ఒకసారి పది రోజులు పోతుంది, తర్వాత రెండు నెలలు పత్తా ఉండదు. ఆఖరిసారి వచ్చి మూడు నెలలైంది.

ఫైలు అప్పటికే మందంగా ఉంది. ఒకరు కాల్షియం రాశారు, ఇంకొకరు టెన్షన్ తగ్గే మాత్ర రాశారు. చివరగా ఒక వెల్‌నెస్ సెంటర్ వాళ్లు లాలాజల పరీక్ష చేసి 'బయోఐడెంటికల్ పెల్లెట్' ప్యాకేజీ చెప్పారు. అడ్వాన్సు కట్టేముందు ఒకమాట అడుగుదామని నా దగ్గరికి వచ్చారు. ఆడపడుచు సలహా వేరే: "ఆ గర్భసంచి తీయించేసుకుంటే ఈ గోలే ఉండదు వదినా!"

మన వైపు ఈ సలహా ఎంత మామూలో చెప్పక్కర్లేదు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల నిష్పత్తి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దేశ సగటు కంటే చాలా ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. కానీ ఈ ఆవిర్లకీ గర్భసంచికీ సంబంధం లేదు. మెనోపాజ్ (పీరియడ్స్ పూర్తిగా ఆగిపోవడం) దగ్గరపడే ఏళ్లలో అండాశయాల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారీ తడబడటం వల్ల మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం అతిగా స్పందిస్తుంది. అర డిగ్రీ తేడాకే చెమటలు పట్టిస్తుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆవిర్లు తగ్గకపోగా కొద్ది రోజుల్లోనే ఉధృతమవుతాయి.

ప్యాకేజీలో ఉన్నదీ, మందుల షాపులో ఉన్నదీ

ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "ఆ బయోఐడెంటికల్ అనేది మీ దగ్గర ఉంటుందా?"

ఉంటుంది. మన అండాశయాలు తయారుచేసే 17-బీటా ఎస్ట్రాడియోల్ (ముఖ్యమైన ఈస్ట్రోజెన్ ఇదే), ప్రొజెస్టిరాన్‌లతో అణువు అణువూ సరిపోలే హార్మోన్లను ఆ మాటతో పిలుస్తారు. వీటిని ఫ్యాక్టరీలోనే చేస్తారు. ఒక రకం అడవి దుంపల్లోనూ సోయాలోనూ దొరికే పదార్థాలే ముడిసరుకు. అలాగని దుంప తిన్నా, దాని క్రీము రాసుకున్నా ఒంట్లో హార్మోన్ తయారవదు. ఆ మార్పు ల్యాబులోనే జరగాలి. 1942 నుంచి అమెరికాలో వాడిన ప్రెమారిన్ మాత్ర చూడిగుర్రాల మూత్రం నుంచి తీసినది. 'ప్రకృతి సిద్ధం' అనాలంటే దాన్నే అనాలి. కానీ అందులో ఉండే ఈస్ట్రోజెన్లలో చాలావరకు మనిషి ఒంట్లో ఉండేవి కావు. కాబట్టి ప్రకటనల్లో ఆ మాట కనిపిస్తే నేను పట్టించుకోను.

ఎస్ట్రాడియోల్ జెల్, మైక్రోనైజ్డ్ (బాగా మెత్తని పొడిగా చేసిన) ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్ రెండూ అనుమతులున్న మందులే. ప్రిస్క్రిప్షన్ చూపిస్తే మామూలు మెడికల్ షాపులో ఇస్తారు. ప్రతి బ్యాచ్‌లో ఎంత మందు ఉందో పరీక్షించి ఉంటుంది. పెల్లెట్ అలా కాదు. బియ్యపు గింజంత ఉండే దాన్ని పిరుదు దగ్గర చర్మం కింద పెడతారు. పెట్టాక మోతాదు ఎక్కువైందని తెలిసినా వెనక్కి తీయడం దాదాపు కుదరదు, కరిగిపోయేదాకా కొన్ని నెలలు ఓర్చుకోవాల్సిందే. ఆమెకు చెప్పిన పెల్లెట్‌లో టెస్టోస్టెరాన్ కూడా ఉంది. అది మోతాదు మించితే మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి, ఒక్కోసారి గొంతు బొంగురుపోతుంది. గొంతు మారితే మళ్లీ మామూలు కాకపోవచ్చు. ఒక్కొక్కరికీ విడిగా కలిపి ఇచ్చే ఇలాంటి హార్మోన్ల వాడకాన్ని బాగా పరిమితం చేయాలని అమెరికా నేషనల్ అకాడమీస్ 2020లోనే నివేదిక ఇచ్చింది. లాలాజల పరీక్ష మీద మోతాదు నిర్ణయించడానికి ఆధారమే లేదు.

రక్తపరీక్ష సంగతీ అంతే. ఫైలులో మూడు ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్) రిపోర్టులు ఉన్నాయి: 9, 44, 17. ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పారట. పీరియడ్స్ ఆగిపోయే ముందు ఏళ్లలో ఈ అంకె వారం వారానికీ ఎగిరి పడుతూనే ఉంటుంది. 45 దాటిన ఆడమనిషికి పీరియడ్స్ తప్పుతూ ఆవిర్లు వస్తుంటే ఆ లక్షణాలే రోగనిర్ధారణకు చాలు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2015 నుంచీ ఇదే చెబుతోంది. నాలుగోసారి ఎఫ్‌ఎస్‌హెచ్ చేయించలేదు.

మందు రాసే ముందు చూసినవి

హార్మోన్ ఇవ్వకూడదనే వాళ్ల జాబితా చిన్నదే కానీ దాటరానిది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారు, కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ కట్టినవారు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు, లివర్ జబ్బు ముదురుగా ఉన్నవారు అందులో ఉంటారు. ఈమెకు ఇవేవీ లేవు. కానీ ఏడాదిన్నరగా అస్తవ్యస్తంగా పోతున్న బ్లీడింగ్‌ని 'ఆ వయసులో అంతేలే' అని వదిలేయలేదు. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర 6 మిల్లీమీటర్లు. రెండు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) ఒకటుంది, దాని జోలికి పోనక్కర్లేదు. పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం పరీక్ష), మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) మామూలుగానే ఉన్నాయి. బీపీ 128/82.

హిమోగ్లోబిన్ 10.4, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ బాగా తక్కువ. నీరసంలోనూ మతిమరుపులోనూ దీనికీ వాటా ఉంటుంది. అందుకని హార్మోన్ కంటే ముందు ఐరన్ మొదలుపెట్టాను. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ బాగానే ఉంది. రక్తంలో కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్స్, 262. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో నడుము దగ్గర టీ-స్కోరు మైనస్ 1.6, అంటే ఎముక పలచబడటం మొదలైంది. వాళ్లమ్మగారికి డెబ్బై ఏళ్లకే తుంటి ఎముక విరిగిందని ఈ రిపోర్టు చూశాకే గుర్తుచేసుకుని చెప్పారు.

"క్యాన్సర్ వస్తుందటగా?"

ఈ ప్రశ్న రాని రోజు లేదు. ఈమెకు కారణం కూడా ఉంది: పెద్దమ్మకి 64 ఏళ్లప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అమ్మకో అక్కకో చిన్న వయసులో వచ్చి ఉంటే నా లెక్క మారేది. ఆ వయసులో పెద్దమ్మ ఒక్కరికి రావడం చికిత్సకు అడ్డంకి కాదు.

ఈ భయమంతా 2002 జులైలో పుట్టింది. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనంలో హార్మోన్ల జంట ఇచ్చిన భాగాన్ని అప్పుడు మధ్యలోనే ఆపేశారు. అందులో 16,608 మంది ఆడవాళ్లు ఉన్నారు, సగటు వయసు 63. ఇచ్చింది గుర్రపు ఈస్ట్రోజెన్, మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే సింథటిక్ హార్మోన్. పదివేల మందిని ఏడాది పాటు చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, హార్మోన్ వేసుకున్నవారిలో 38 మందికి వచ్చింది. ఆ ఎనిమిది మంది నిజమే, వాళ్లను నేను లెక్కలోంచి తీసేయను. కానీ పేపర్లు '26 శాతం పెరిగింది' అని రాసేసరికి, పదిమందిలో ఇద్దరు ముగ్గురికి వస్తుందని జనం అర్థం చేసుకున్నారు. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో, 2004లో చూస్తే, రొమ్ము క్యాన్సర్ పెరగనే లేదు.

మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ సంగతికొస్తే, ఫ్రాన్స్‌లో వేలమంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఈ3ఎన్ అధ్యయనంలో సింథటిక్ వాటి కంటే దీంతో ప్రమాదం తక్కువగా కనిపించింది. అది గమనించి చెప్పిన మాటే, చీటీలు తీసి రెండు గుంపులు చేసి పోల్చింది కాదు. అందుకని 'బయోఐడెంటికల్ అయితే క్యాన్సర్ రాదు' అని నేను ఎవరికీ చెప్పను. ఆ మాట చెప్పే సెంటర్‌ని ఆ ఒక్కమాటతోనే అనుమానించొచ్చు. 2025 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుల మీద నల్లడబ్బా హెచ్చరికలు (మందు కాగితం మీద నల్లగీతల పెట్టెలో వేసే అతి తీవ్రమైన హెచ్చరికలు) చాలావరకు తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ వార్త వచ్చిన వారంలో నాకు వచ్చిన వాట్సాప్ ఫార్వర్డులకు అంతు లేదు. ఈస్ట్రోజెన్ ఒంటరిగా వాడితే గర్భసంచి పొరకు క్యాన్సర్ ముప్పు అనే హెచ్చరికను మాత్రం ఉంచారన్న సంగతి ఏ ఫార్వర్డులోనూ లేదు.

ఆమె రెండు వారాలు టైమ్ అడిగారు. ఇచ్చాను. ఇది ఎమర్జెన్సీ కాదు, భర్తతోనూ అక్కతోనూ మాట్లాడుకుని రావడమే మంచిది.

రాసింది ఇదీ

ఎస్ట్రాడియోల్ జెల్, రోజుకి ఒక పంపు. ఒకసారి నొక్కితే 1.25 గ్రాముల జెల్ వస్తుంది, అందులో 0.75 మిల్లీగ్రాముల ఎస్ట్రాడియోల్ ఉంటుంది. ప్రొజెస్టిరాన్ 200 మిల్లీగ్రాముల క్యాప్సూల్, ప్రతి నెలా ఒకటో తారీఖు నుంచి పన్నెండో తారీఖు దాకా రాత్రిపూట. జీతం పడే రోజున మొదలు కాబట్టి మర్చిపోరు.

మాత్ర మాని జెల్ ఎందుకంటే, నోటితో వేసుకున్న ఈస్ట్రోజెన్ ముందు లివర్‌లోకి వెళుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టే పదార్థాలనూ ట్రైగ్లిజరైడ్స్‌నూ పెంచుతుంది. థైరాయిడ్ హార్మోన్‌ని పట్టి ఉంచే ప్రొటీన్‌నూ పెంచడంతో థైరాక్సిన్ మోతాదు చాలకపోవచ్చు. చర్మం గుండా వెళ్లేదానికి ఈ చిక్కులు దాదాపు ఉండవు. ఫ్రాన్స్‌లోనే జరిగిన ఎస్తర్ అధ్యయనంలో మాత్రలతో గడ్డల ముప్పు పెరిగింది, చర్మం మీద వాడేవాటితో పెరగలేదు. కొంచెం బరువు, 262 ట్రైగ్లిజరైడ్స్, థైరాయిడ్ ఉన్న మనిషికి జెల్ కంటే మంచి దారి నాకు కనిపించలేదు.

గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టిరాన్ తప్పనిసరి. ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందమవుతూ పోయి క్యాన్సర్ దాకా వెళ్లొచ్చని 1975లోనే బయటపడింది. పీరియడ్స్ ఇంకా పూర్తిగా ఆగలేదు కాబట్టి నెలకి పన్నెండు రోజుల పద్ధతి రాశాను. క్యాప్సూళ్లు ఆపిన కొద్ది రోజులకు బ్లీడింగ్ వస్తుందని ముందే చెప్పాను. చెప్పినా అది వచ్చినప్పుడు కంగారుపడి ఫోన్ చేశారు, అది వేరే సంగతి.

తొలి మూడు నెలలు

చాలామంది మానేసేది ఇక్కడే. మందు పనిచేయక మానేసేవాళ్లు తక్కువ. మధ్యలో ఎదురయ్యే చిన్న చిన్న విషయాలకు బెదిరి మానేస్తారు.

మొదటిది మందుల షాపులోనే. క్యాప్సూల్ స్ట్రిప్ ఇస్తూ కుర్రాడు "ఎన్నో నెల మేడమ్?" అన్నాడట. గర్భం నిలవడానికి రాసే మందు కూడా ఇదే మరి. పక్కన ఇంజినీరింగ్ చదివే కొడుకు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి జెల్ డబ్బాలోని కాగితం మొత్తం చదివి, అందులో రాసిన జబ్బులన్నీ లెక్కపెట్టి, వారం పాటు మూత తీయలేదు. ఇప్పుడు నేను ప్రిస్క్రిప్షన్ ఇచ్చేటప్పుడే ఆ రెండు సంగతులూ చెప్పి పంపుతున్నాను.

రెండోది క్యాప్సూల్‌తో. రాత్రి ఎనిమిదింటికి భోజనం కాగానే మింగి, నెలాఖరు పని ఉందని లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. తల తిరిగి సోఫాలోనే వాలిపోయారు. భర్త బీపీ మెషిన్ తీసుకుని పరుగెత్తుకొచ్చారట. ప్రొజెస్టిరాన్ ఒంట్లో మత్తు కలిగించే పదార్థంగా కూడా మారుతుంది. పడక మీదికి వెళ్లేటప్పుడు వేసుకుంటే అదే నిద్రకు పనికొస్తుంది. ఆమె నిద్ర మొదట బాగుపడింది కూడా ఆ పన్నెండు రోజుల్లోనే.

ఆరు వారాలకు వచ్చినప్పుడు ఆవిర్లలో మాత్రం ఏ మార్పూ లేదు. "పంపు రెండుసార్లు నొక్కమంటారా?" అని అడిగారు. మోతాదు పెంచే ముందు, ఇంట్లో ఎలా రాసుకుంటారో చేసి చూపించమని ఎక్జామినేషన్ గదిలో జెల్ ఇచ్చాను. మణికట్టు దగ్గర రూపాయి బిళ్లంత చోట వేసి, నొప్పుల బామ్ రుద్దినట్టు బొటనవేలితో గట్టిగా రుద్దారు. ఎప్పుడు రాసుకుంటారంటే, పొద్దున స్నానానికి ముందు. తర్వాత క్యాబ్ హడావిడిలో కుదరదని. చలికాలం కదా అని అంతకుముందే చేతులకు కొబ్బరినూనె కూడా రాస్తారు. నూనె మీద జెల్, పావుగంటలో సబ్బు నీళ్లు. ఒంట్లోకి ఎంత వెళ్లి ఉంటుంది?

చర్మం శుభ్రంగా, పొడిగా ఉండాలి. జెల్‌ని భుజం నుంచి మణికట్టు దాకా పలచగా పరవాలి, రుద్దకూడదు. ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. గంటసేపు కడగకూడదు, నూనెలూ లోషన్లూ రాయకూడదు, ఆ చోట ఎవరి ఒళ్లూ తగలకూడదు. పసిపిల్లల్ని ఎత్తుకునేవాళ్లు మరీ జాగ్రత్త. రొమ్ముల మీద ఎప్పుడూ రాయకూడదు. ఆఫీసు నుంచి వచ్చి కాళ్లూ చేతులూ కడుక్కుని తుడుచుకున్నాక రాసుకునేట్టు టైమ్ మార్చాం. మోతాదు అదే ఉంచాను. నెల తిరిగేసరికి రాత్రి నైటీ మార్చుకోవడం వారానికి ఒకటి రెండుసార్లకి తగ్గింది. మూడో నెల చివర్లో పగటి ఆవిర్లు ఇంకా ఉన్నాయనడంతో అప్పుడు రెండు పంపులు, అంటే 1.5 మిల్లీగ్రాములు చేశాను.

మూడో విజిట్‌లో భర్త పార్కింగ్ నుంచి కారు తీయడానికి వెళ్లినప్పుడు ఇంకో సంగతి అడిగాను. కలిసినప్పుడు మంట, పొడిబారడం ఏడాదిగా ఉందన్నారు. "ఇది కూడా చెప్పొచ్చా మేడమ్?" అన్నారు. దీన్ని మనవాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు, డాక్టరే అడగాలి. యోనిలో రాసుకునే ఎస్ట్రియోల్ (తక్కువ బలం ఉన్న ఈస్ట్రోజెన్) క్రీము రాశాను, మొదట రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు.

వ్రతం, ఊరు

శ్రావణంలో వరలక్ష్మీవ్రతం వచ్చింది. క్యాప్సూళ్లు ఆపాక వచ్చే బ్లీడింగ్ సరిగ్గా ఆ శుక్రవారానికే పడేట్టుంది. పీరియడ్స్ వాయిదా వేసే మాత్ర ఉంటుంది కదా, వేసుకోనా అని మెసేజ్ పెట్టారు. వద్దన్నాను. ఆ మాత్ర నోరెథిస్టిరాన్, రోజుకి మూడుసార్లు వేసుకునే మోతాదులో కొంత భాగం ఒంట్లో ఇథినైల్ ఎస్ట్రాడియోల్‌గా మారుతుంది. గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్ అదే. గడ్డల భయంతో మాత్ర వద్దని జెల్ ఎంచుకుని, పండక్కి దొడ్డిదారిన మాత్రే ఇచ్చినట్టవుతుంది. ఉన్న ప్రొజెస్టిరాన్‌నే ఇంకో ఐదు రోజులు పొడిగించమన్నాను. ఒకటి రెండు మరకలు కనిపించినా కనిపించొచ్చని కూడా చెప్పాను. వ్రతం గడిచింది.

తర్వాత దసరాకి ఊరెళ్లి, జెల్ తీసుకెళ్లి క్యాప్సూళ్లు మర్చిపోయారు. "జెల్ మానలేదు మేడమ్" అని ధీమాగానే చెప్పారు. మరుసటి నెల మధ్యలో వేళకాని బ్లీడింగ్. స్కానింగ్‌లో పొర 5 మిల్లీమీటర్లు, భయపడాల్సింది ఏమీ లేదు. ఒక నెల తప్పినందుకు క్యాన్సర్ రాదు, కానీ ఇది అలవాటుగా మారకూడదు. రెండింటిలో ఒకటే దొరికే పరిస్థితి వస్తే జెల్ కూడా ఆపి నాకు ఫోన్ చేయమన్నాను.

ఏడాది నాటికి

రాత్రి ఒకసారి లేస్తారు, అదీ బాత్రూమ్‌కే. భర్త హాల్లోంచి తిరిగొచ్చారు. పేర్లు మర్చిపోవడం తగ్గింది, ఇందులో ఐరన్ వాటా ఎంతో హార్మోన్ వాటా ఎంతో విడదీసి చెప్పలేం. హిమోగ్లోబిన్ 12.3కి వచ్చింది. టీఎస్‌హెచ్‌లో మార్పు లేదు, థైరాక్సిన్ అదే 75. ట్రైగ్లిజరైడ్స్ 190కి దిగాయి, అది సాయంత్రం నడకవల్ల, రాత్రి అన్నం తగ్గించడం వల్ల. వేళ్ల నొప్పులు సగమే తగ్గాయి. బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదని కొంచెం నిష్ఠూరంగానే చెప్పారు. బరువు తగ్గించే మందు ఇది కాదని మొదటి రోజే అనుకున్నాం.

మామోగ్రామ్, బీపీ, లిపిడ్స్ చూసి ఇదే మోతాదు కొనసాగించాం. 51 దాటాక రోజూ 100 మిల్లీగ్రాముల ప్రొజెస్టిరాన్ వేసుకునే నిరంతర పద్ధతికి మారిస్తే, మొదటి కొన్ని నెలల మరకలు పోయాక బ్లీడింగ్ బెడదా ఉండదు. ఎన్నేళ్లు వాడాలో ఇప్పుడే గీత గీయలేదు. ప్రతి ఏటా కూర్చుని, అవసరమూ ప్రమాదమూ మళ్లీ తూచుకుంటాం.

వెళ్లేముందు ఫోనులో వాళ్లక్కగారిని కలిపారు. ఆమెకు 61, పీరియడ్స్ ఆగి పద్నాలుగేళ్లు, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. "చెల్లికి రాసిందే నాకూ రాసివ్వండి డాక్టరమ్మా, ఇక్కడ షాపులో తెప్పించుకుంటా" అన్నారు. అరవై దాటాక, లేదా పీరియడ్స్ ఆగి పదేళ్లు గడిచాక కొత్తగా మొదలుపెడితే గుండె, మెదడు రక్తనాళాల ముప్పు లెక్క వేరుగా ఉంటుంది. ఆమెకు రాయలేదు. ఆవిర్లు వస్తున్నాయా అంటే లేవన్నారు. మూత్రంలో మంట, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు అన్నారు. దానికి పైపూత ఎస్ట్రియోల్ క్రీము చాలొచ్చు, ముందు షుగరు, యూరిన్ కల్చర్ చేయించి రిపోర్టులు పంపమన్నాను.